కృష్ణా రామా అనుకోవలసిన వయసులో నేరం ఎందుకు?

అరవై అయిదేళ్ళ మనిషి దొంగతనం చేస్తూ దొరికాడనో, డెబ్బై దాటిన భర్త భార్యను నరికాడనో విశాఖపట్నం జిల్లా పేజీల్లో వార్త వచ్చిన ప్రతిసారీ చదివినవారు ముందుగా అనే మాట ఒకటుంది: కృష్ణా రామా అనుకుంటూ కూర్చోవలసిన వయసులో ఇదేం పోయేకాలం? దాని వెనకే ఇంకొకరు మరో మాట అందుకుంటారు: పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు. ఈ రెండు మాటలూ ఒకదానితో ఒకటి పొసగవు. వయసు మనిషిని మెత్తబరుస్తుందని మొదటిది నమ్ముతుంది, ఏ వయసూ మనిషిని మార్చలేదని రెండోది నమ్ముతుంది. వృద్ధులు చేసే నేరాల గురించి నేరశాస్త్రమూ నాడీవైద్యమూ ఇప్పటివరకూ తెలుసుకున్నదాన్ని ఈ రెండు మాటల పక్కన పెట్టి చూస్తే, మొదటిది చాలామంది విషయంలో నిజమనీ, రెండోది చాలామంది విషయంలో తప్పనీ, కొందరి విషయంలో మాత్రం రెండూ పనికిరావనీ తెలుస్తుంది. ఈ వ్యాసం ఆ కొందరి గురించి.

నేరానికీ వయసుకీ సంబంధం ఉందని లెక్కలతో చూపినవారిలో తొలివాడు బెల్జియం గణాంక శాస్త్రవేత్త అడాల్ఫ్ కెత్లే. ఫ్రాన్సు న్యాయస్థానాల రికార్డులను పరిశీలించి, నేరం వైపు మొగ్గు యౌవనంలో శిఖరానికి చేరి ఆపైన వయసుతో పాటు దిగిపోతుందని ఆయన 1831లోనే రాశాడు. అప్పటినుంచి ఎన్నో దేశాల్లో, ఎన్నో తరాల్లో ఆ గీత ఇంచుమించు అదే ఆకారంలో కనిపిస్తూ వచ్చింది. అమెరికాలో రాబర్ట్ శాంప్సన్, జాన్ లాబ్ అనే పరిశోధకులు బోస్టన్ బాలనేరస్తుల పాత అధ్యయనాన్ని తిరగదోడి, ఆ 500 మంది జీవితాలను డెబ్బయ్యేళ్ళ వయసు వరకూ వెతికి చూశారు. చిన్నతనంలో ఎంత మొండి నేరస్తులని పేరు పడినవారైనా చివరికి ఎక్కువమంది నేరం మానేశారు. నిలకడైన ఉద్యోగం, కుదురైన పెళ్ళి, సైన్యంలో చేరడం వంటివి ఆ మలుపుకు కారణమయ్యాయని వారు తేల్చారు. పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి సంపాదించుకున్న మనిషి దాన్ని పణంగా పెట్టడానికి వెనకాడతాడు, ఒంట్లో సత్తువ తగ్గుతుంది, ఉసిగొల్పే స్నేహబృందం చెదిరిపోతుంది. పుడకల సామెత ఇక్కడే ఓడిపోతుంది.

అందుకే వయసు మళ్ళినవారి నేరాన్ని విచారించేటప్పుడు అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న, ఇది ఈ మనిషికి మొదటిసారా అన్నది. నేరంలోనే పండిపోయినవారు కొందరు ఎక్కడైనా ఉంటారు. 2015 ఏప్రిల్‌లో లండన్ హాటన్ గార్డెన్ నగల లాకర్ల గదికి కన్నం వేసిన ముఠాలో ముఖ్యులు చాలావరకు అరవై దాటినవారే, వారిలో పెద్దవాడైన బ్రయన్ రీడర్‌కు 76 ఏళ్ళు. మన ఆర్టీసీ కాంప్లెక్స్ రద్దీలో జేబులు కొట్టి స్టేషన్లో పాత సస్పెక్ట్ షీట్ (పోలీసులు అనుమానితుల మీద తెరిచే రికార్డు) ఉన్న ముసలివాడు కూడా ఈ కోవలోనివాడే. అతడు వృద్ధుడైన దొంగ. వయసు వచ్చాక దొంగ అయినవాడు కాడు. అర్థం చేసుకోవడానికి కష్టమైనది రెండో రకం: నలభై ఏళ్ళు ఉద్యోగం చేసి, పిల్లల పెళ్ళిళ్ళు చేసి, ఒక్కసారైనా పోలీసు స్టేషన్ గడప తొక్కని మనిషి అరవై అయిదో ఏట నిందితుడిగా నిలబడటం.

మన దేశంలో ఇలాంటివారు ఎందరో చెప్పే అంకె కోసం జైళ్ళ లెక్కలు తిరగేస్తే నిరాశే మిగులుతుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ప్రచురించే జైళ్ళ నివేదికలో ఖైదీల వయసు వర్గీకరణ యాభై దగ్గర ఆగిపోతుంది. 51 ఏళ్ళ గట్టి మనిషీ, చేయి పట్టుకుని నడిపించవలసిన 80 ఏళ్ళ మనిషీ ఆ పట్టికలో ఒకే గడిలో ఉంటారు. అదే సంస్థ నేరాల నివేదికలో వయోవృద్ధుల మీద జరిగే నేరాలకు ప్రత్యేక అధ్యాయమే ఉంది. వృద్ధులు బాధితులుగా కనిపించినంత స్పష్టంగా నిందితులుగా కనిపించరు. కనిపించనివారి కోసం ఎవరూ ఏర్పాట్లు చేయరు కనుక దీన్ని చిన్న లోపంగా నేను భావించలేను.

లెక్కలు బాగా ఉంచుకున్న దేశం జపాన్. అక్కడ 2017లో శిక్షాస్మృతి నేరాలకు పోలీసులు పట్టుకున్నవారిలో ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా 65 ఏళ్ళు నిండినవారు. అంకె భయపెడుతుంది గాని, దాన్ని చదవడంలో జాగ్రత్త అవసరం. జపాన్ జనాభాలోనే వృద్ధుల వాటా పెరిగింది, అదే కాలంలో పిల్లల, యువకుల నేరాలు బాగా తగ్గిపోయాయి. హారం తగ్గితే వాటా దానంతట అదే పెరుగుతుంది. అయితే లెక్కల మాయ తీసేసినా మిగిలే నిజం ఒకటి ఉంది: అక్కడ పట్టుబడిన వృద్ధ మహిళల కేసుల్లో పదింట తొమ్మిది దొంగతనాలే, అందులో ఎక్కువ భాగం దుకాణాల్లో తినుబండారాలో చిన్నచిన్న వస్తువులో తీసినవి. పింఛను చాలకపోవడం ఒక కారణమైతే, పలకరించే దిక్కు లేకపోవడం అంతకంటే పెద్ద కారణంగా అక్కడివారు చెబుతారు. జైల్లో వేళకు అన్నం, పక్కన మనిషి, ఒంట్లో బాగోలేకపోతే చూసేవారు ఉంటారు కనుక విడుదలై వెళ్ళి మళ్ళీ వచ్చేవారు కొందరున్నారు.

ఈ జపాన్ కథను తెచ్చి విశాఖకు అతికించలేం. ఇక్కడ జైలు ఎవరికీ ఆశ్రయంగా కనిపించదు. పరువు పోతుందన్న భయం ముసలితనంలో తగ్గదు సరికదా, మనవరాలి పెళ్ళి సంబంధం దాకా పాకి పెరుగుతుంది. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడగా ఎంవీపీ కాలనీ, సీతమ్మధార అపార్ట్‌మెంట్లలో ఒంటరిగా మిగిలిన తల్లిదండ్రులు చాలామందే ఉన్నారు. కానీ ఆ ఒంటరితనం వారిని నేరస్తులుగా కంటే నేరానికి ఎరగా మారుస్తోంది. పోలీసు వేషంలో వీడియో కాల్ చేసి డిజిటల్ అరెస్టు అని బెదిరించేవాళ్ళ మాట గంటల తరబడి వినేది ఇంట్లో ఇంకో గొంతు లేనివారే.

లేమి సంగతి వేరు. కర్మాగారాల్లో కాంట్రాక్టు కార్మికులుగా వయసంతా ధారపోసినవారికి భవిష్యనిధి పింఛను పథకం కింద వచ్చే కనీస పింఛను 2014 నుంచి నెలకు వెయ్యి రూపాయలు. రాష్ట్ర ప్రభుత్వ వృద్ధాప్య పింఛను 2024లో నాలుగు వేలకు పెరగడం ఎన్నో ఇళ్ళలో నిజమైన ఊరట. అయినా కొండవాలు కాలనీల్లో ఇంటి అద్దె, మందులు పోగా మిగిలేదానితో నెల గడవని ఇళ్ళు ఉన్నాయి. అలాంటి చోట బెల్టు షాపు నడిపే ముసలమ్మ, నాటుసారా పొట్లాలు అమ్మే తాత ఎక్సైజ్ కేసుల్లో కనిపిస్తారు. అంతకంటే దారుణమైనది గంజాయి మూట. పాడేరు, చింతపల్లి వైపు నుంచి దిగే దారుల్లో తనిఖీ చేసేవారికి ముసలివారి సంచి మీద అనుమానం తక్కువ అన్న లెక్కతో కూలి డబ్బులిచ్చి మూట మోయించేవాళ్ళుంటారు. మూటలో 20 కిలోలు దాటితే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద అది వాణిజ్య పరిమాణం. కనీస శిక్ష పదేళ్ళు, బెయిలుకు 37వ సెక్షన్ అడ్డం. అరవై ఎనిమిదేళ్ళ మనిషికి పదేళ్ళ శిక్ష అంటే ఏమిటో లెక్క వేయనక్కరలేదు. మూట మోయించినవాడు ఆ కేసులో ఉండడు, మోసినవాడు అడవివరం కేంద్ర కారాగారంలో ఉంటాడు.

ఇక మెదడు సంగతి. నా దృష్టిలో ఈ విషయంలో అన్నిటికంటే తక్కువ తెలిసినదీ, అన్నిటికంటే ఎక్కువ తెలియవలసినదీ ఇదే.

మతిమరుపు వ్యాధి అనగానే మనకు అల్జీమర్స్ గుర్తొస్తుంది. పేర్లు మరిచిపోవడం, దారి తప్పిపోవడం, ఇందాక తిన్న అన్నం తినలేదనడం దాని తొలి లక్షణాలు. ఆ వ్యాధి ఉన్నవారు దుకాణంలో డబ్బు కట్టడం మరిచి వస్తువుతో బయటికి వచ్చేయవచ్చు, ఎర్ర దీపం చూసినా బండి ఆపకపోవచ్చు. అవి మరుపు వల్ల జరిగే పొరపాట్లు, ఎవరైనా ఇట్టే అర్థం చేసుకోగలరు. మెదడు క్రమంగా క్షీణించే జబ్బులన్నిటినీ కలిపి డిమెన్షియా అంటారు; వాటిలో ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా అనే మరో జబ్బు దీనికి భిన్నం. 1892లో ఆర్నాల్డ్ పిక్ అనే వైద్యుడు తొలిసారి వర్ణించిన ఈ కోవ జబ్బు మెదడు ముందు భాగాన్నీ, కణతల వైపు భాగాన్నీ కుదిస్తుంది. నుదురు వెనక ఉండే ఆ ముందు భాగమే మనకు కళ్ళెం. నోటిదాకా వచ్చిన మాటను ఆపేది, ఎదుటివాడి ముఖం చూసి వాడి బాధను గ్రహించేది, తప్పు చేశాక చెవులు వేడెక్కేలా సిగ్గు పుట్టించేది అదే. ఈ జబ్బులో జ్ఞాపకశక్తి మొదట్లో చెక్కుచెదరకపోవచ్చు. నేటి తేదీ, ప్రధానమంత్రి పేరు, బ్యాంకు ఖాతా నంబరు అన్నీ సరిగ్గా చెబుతారు. పోయింది కళ్ళెం మాత్రమే. పైగా ఇది చాలావరకు 45 నుంచి 65 ఏళ్ళ మధ్యనే మొదలవుతుంది కనుక ముసలితనపు చాదస్తం అని కూడా ఎవరూ అనుకోరు, బుద్ధి వక్రించిందనే అనుకుంటారు.

మర్రిపాలెంలో ఉండే ఒక విశ్రాంత అకౌంటెంటును ఊహించుకుందాం. జేబులో రెండు వేలు ఉండగా సూపర్‌మార్కెట్‌లో కాఫీ పొడి పొట్లం చొక్కాలో దోపుకుంటాడు. పట్టుకుంటే బెదరడు, బతిమాలడు, నవ్వుతాడు. మర్నాడు అదే దుకాణానికి మళ్ళీ వెళతాడు. ఇంట్లో వాళ్ళను కూర్చోబెట్టి అడిగితే గత ఏడాదిన్నరగా ఆయన స్వీట్లు డబ్బాలకు డబ్బాలు తింటున్నాడనీ, తోడల్లుడి చావు కబురు విని టీవీ చూస్తూ ఉండిపోయాడనీ, జీవితంలో ఎన్నడూ ఎరగని బూతులు మాట్లాడుతున్నాడనీ, గేటు దగ్గర నిలబడి మూత్రం పోశాడనీ ఒక్కొక్కటే బయటపడతాయి. వీటిలో ఏ ఒక్కటీ విడిగా చూస్తే జబ్బులా అనిపించదు. అన్నీ కలిపి చూస్తే నాడీవైద్యుడికి మెదడు స్కానింగ్ తీయించాలనిపిస్తుంది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన శాన్‌ఫ్రాన్సిస్కో కేంద్రంలో 1999 నుంచి 2012 వరకు చూసిన 2,397 మంది రోగుల రికార్డులను పరిశీలించిన అధ్యయనం 2015లో వెలువడింది. ప్రవర్తనను దెబ్బతీసే రకం ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా ఉన్నవారిలో 37.4 శాతం మంది, అల్జీమర్స్ ఉన్నవారిలో 7.7 శాతం మంది జబ్బు సమయంలో ఏదో ఒక నేరపూరిత ప్రవర్తన చూపారని అందులో తేలింది. ఈ అంకెలను తొందరపడి అన్వయించకూడదు. వారంతా ప్రత్యేక వైద్యకేంద్రానికి వచ్చిన రోగులు. నేరం అన్నదాంట్లో ట్రాఫిక్ ఉల్లంఘనలూ, ఇతరుల స్థలంలోకి చొరబడటమూ, బహిరంగంగా మూత్రం పోయడమూ కూడా ఉన్నాయి. డిమెన్షియా ఉన్నవారు ప్రమాదకరమైనవారని ఆ అధ్యయనం చెప్పలేదు, వారిలో అత్యధికులు ఎవరికీ హాని చేయరు. అది చెప్పేది ఇంతే: తొలి నేరమే తొలి లక్షణమయ్యే జబ్బు ఒకటుంది. మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి ఏదో ఒక రకం డిమెన్షియా ఉంటుందని జాతీయ వృద్ధాప్య అధ్యయనం ఆధారంగా వేసిన అంచనా చెబుతోంది కనుక, ఇది ఎక్కడో అమెరికా ఆసుపత్రికి పరిమితమైన సంగతి కాదు.

జబ్బు కాక, జబ్బుకు ఇచ్చే మందు కూడా కళ్ళేన్ని వదులు చేయగలదు. వణుకుడు జబ్బుకు, అంటే పార్కిన్సన్స్‌కు వాడే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులు కొందరిలో జూదం మీద, కామం మీద, కొనుగోళ్ళ మీద అదుపు తప్పిస్తాయి. 2010లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో 3,090 మంది పార్కిన్సన్స్ రోగుల్లో 13.6 శాతం మందికి ఇలాంటి అదుపులేమి కనిపించింది. జీవితంలో పేక ముట్టని పెద్దమనిషి అపార్ట్‌మెంటు సంఘం డబ్బు వాడేసి మోసం కేసులో ఇరుక్కుంటే ఆయన మందుల చీటీ చూడాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది? వైద్యుడు మోతాదు తగ్గించినప్పుడు ఆ పిచ్చి కూడా చాలావరకు తగ్గుతుంది. సొంతంగా మానేయడం మాత్రం ప్రమాదం.

భార్య మీద అనుమానం మరో లోతైన గొయ్యి. యాభై ఏళ్ళు కాపురం చేసిన భార్యకు పాలవాడితోనో ఎదురింటాయనతోనో సంబంధం అంటగట్టే భ్రమ తాగుడు వల్ల, డిమెన్షియా వల్ల, ఒక్కోసారి పైకి కనిపించే కారణం లేకుండా మొదలవుతుంది. డెబ్బయ్యేళ్ళ వయసులో అనుమానమేమిటని బంధువులు నవ్వుకుంటుండగా ఆమె రోజూ భయంతో నిద్రపోతుంది. ఆ నవ్వు మానవలసిన అవసరం ఉంది. ఈ భ్రమ కత్తిపీట దాకా వెళ్ళగలదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చినా వృద్ధులకు ఒక్క రాత్రిలో మతి తప్పి, పక్కవారిని శత్రువులనుకుని కొట్టడం వైద్యులకు తెలిసిన విషయమే. ఏళ్ళ తరబడి మంచాన పడ్డ జీవిత భాగస్వామికి సేవ చేసి చేసి, తన తర్వాత ఈమెకు దిక్కెవరన్న దిగులులో ప్రాణం తీసే భర్తల కేసులూ ఉన్నాయి. అక్కడ పగ ఉండదు, చికిత్స అందని కుంగుబాటు ఉంటుంది.

ఇంతవరకూ చదివినవారికి వృద్ధులు చేసే నేరాలన్నీ జబ్బు వల్లో లేమి వల్లో జరిగేవే అనిపిస్తే అది పెద్ద పొరపాటు. వయసు కొన్ని అవకాశాలు తీసేస్తుంది, కొన్ని ఇస్తుంది. న్యూయార్క్ ఆర్థిక మోసగాడు బెర్నార్డ్ మేడాఫ్ 2008 డిసెంబరులో అరెస్టయ్యేనాటికి ఆయనకు 70 ఏళ్ళు. దశాబ్దాలుగా కూడబెట్టుకున్న నమ్మకమే ఆయన పెట్టుబడి. మన కాలనీల్లో ముప్పై ఏళ్ళుగా చీటీలు నడిపి, అందరికీ పిన్నిగారో అత్తయ్యగారో అయిన పెద్దావిడ ఒక రోజు ఇంటికి తాళం వేసి కనబడకుండా పోవడమూ, ఐపీ (దివాలా పిటిషన్) పెట్టడమూ అలాంటి నమ్మకం మీద నడిచిన వ్యవహారాలే. ఆనందపురం, భీమిలి వైపు భూమి ధరలు ఆకాశానికంటాక ఒకే స్థలాన్ని ఇద్దరికి రిజిస్టరు చేసిన కేసుల్లో పాస్‌బుక్ ఎవరి పేరున ఉందో ఆ ముసలాయనే ఏ1, అంటే మొదటి నిందితుడు అవుతాడు. వాటిలో కొన్నిటిలో సూత్రధారి ఆయనే, కొన్నిటిలో కొడుకులు పెట్టమన్న చోట వేలిముద్ర పెట్టిన మనిషి.

ఇంటి లోపల అధికారం సంగతి మరీ చేదు. కట్నం కోసం కోడలిని హింసించిన కేసుల్లో అత్తమామలు నిందితులుగా నిలవడం మన దేశపు వృద్ధనేరానికున్న ప్రత్యేక ముఖం. ఈ హింసకు వర్తించే పాత శిక్షాస్మృతి 498ఏ సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85, కట్నపు చావు 80. ఇంట్లో ఉన్న ముసలివారందరి పేర్లూ ఫిర్యాదులో చేరుస్తున్నారన్న వాదనా, యాంత్రికంగా అరెస్టు చేయవద్దని 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటా నాకు తెలుసు. అయినా ఆ వాదన చాటున దాక్కునే నిజమైన క్రూరత్వం ఉంది. దానికి ఏ మెదడు జబ్బూ కారణం కాదు, పెత్తనం కారణం. పిల్లల మీద లైంగిక దాడి చేసే వృద్ధుల విషయంలో ఇంకా గట్టిగా చెప్పాలి. తాతయ్య అని పిలిపించుకునే మనిషి ఒడిలో పిల్లను కూర్చోబెట్టుకోవడాన్ని ఎవరూ అనుమానించరన్న సంగతి అతనికి తెలుసు. ఎవరూ లేని వేళ చూసుకుని, దాచిపెట్టి, బెదిరించి చేసే పని అదుపు తప్పిన మెదడు చేసే పని కాదు. కళ్ళెం తెగిన రోగి పది మంది చూస్తుండగానే చేస్తాడు. ఈ ఒక్క తేడా మొదటి చూపులో ఎంతో చెబుతుంది. తుది మాట మాత్రం వైద్యపరీక్షదే.

చట్టం వృద్ధ నిందితుణ్ణి పూర్తిగా పట్టించుకోలేదని అనలేం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 35వ సెక్షన్ ప్రకారం, మూడేళ్ళ కంటే తక్కువ శిక్ష పడే నేరాల్లో అరవై దాటినవారినైనా అశక్తులనైనా డీఎస్పీ స్థాయి అధికారి, అంటే మన కమిషనరేట్‌లో ఏసీపీ, ముందస్తు అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదు. సాక్షిగా విచారించాలన్నా అరవై దాటిన పురుషుణ్ణి స్టేషన్‌కు రమ్మనకూడదు, ఇంటికే వెళ్ళాలి. అయిదు వేల లోపు విలువ ఉన్న తొలి దొంగతనంలో దోషిగా తేలినవారు వస్తువో దాని విలువో తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవ శిక్షగా సరిపోతుంది.

చిక్కంతా మతి సరిగా లేదన్న వాదన దగ్గర. న్యాయ సంహిత 22వ సెక్షన్, పాత 84, ఇంగ్లండులో 1843లో మెక్‌నాటన్ కేసు దరిమిలా ఏర్పడిన సూత్రం నుంచి వచ్చింది. తాను చేస్తున్నదేమిటో, అది తప్పో చట్టవిరుద్ధమో తెలుసుకోలేని స్థితిలో ఉన్నవాడికే ఆ రక్షణ. నిరూపించే భారం నిందితుడిదే. అల్జీమర్స్ ముదిరినవారికి ఈ సూత్రం సరిపోతుంది. కళ్ళెం తెగిన అకౌంటెంటుకు సరిపోదు. దొంగతనం తప్పా అని జడ్జిగారు అడిగితే ఆయన తప్పేనండీ అంటాడు, సెక్షన్ నంబరు కూడా చెప్పగలడు. తెలుసు గాని ఆగలేడు. తెలియకపోవడాన్ని గుర్తించిన చట్టం, ఆగలేకపోవడాన్ని గుర్తించదు. సుమారు నూట ఎనభై ఏళ్ళ కిందటి ఆ కొలబద్దతో ఈనాటి మెదడు స్కానును కొలవడం న్యాయం కాదని నేను నమ్ముతున్నాను. చట్టం మారేలోపు కూడా ఆ వైద్య నివేదికకు బెయిలు వాదనలోనూ, శిక్ష ఎంతన్నది తేల్చేచోటా విలువ ఉంటుంది. విచారణ తట్టుకునే మానసిక స్థితి ఉందా అన్నది పరీక్షించమని కోర్టును అడిగే వీలూ ఉంది.

ఆ నివేదిక ఊరికే రాదు. రిమాండుకు ముందు జరిగే వైద్యపరీక్ష ఒంటి మీది దెబ్బలు, బీపీ, షుగరు చూసి ముగుస్తుంది. విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లో నాడీవైద్యుడి దాకానో, చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల దాకానో విషయం వెళ్ళాలంటే ఇంట్లోవారే పూనుకోవాలి. వారు చేయగలిగిన పని చిన్నదే. ఆయన తీరు ఎప్పటినుంచి మారింది, మొదట కనిపించిన మార్పేమిటి, ఏ నెలలో ఏం జరిగింది, ఏ మందులు ఎప్పటినుంచి వాడుతున్నారు అన్నవి ఒక కాగితం మీద తేదీలతో రాసి న్యాయవాదికీ వైద్యుడికీ ఇవ్వడం. మా ఆయన ఇలాంటివాడు కాదండీ అని ప్రతి నిందితుడి భార్యా స్టేషన్ వరండాలో చెబుతుంది, రోజూ వినే మాట కనుక స్టేషన్లో రాతపని చూసే రైటరు తల ఎత్తకుండా రాసుకుంటూ పోతాడు. అరవై దాటాక మొదటిసారి కేసులో ఇరుక్కున్న మనిషి విషయంలో అదే మాట తేదీలతో సహా కాగితం మీదికి వస్తే, నాడీవైద్యుడు తన పరీక్షను ఆ కాగితంతోనే మొదలుపెడతాడు.